ఎర్రదిన్నెలో గోకుడు లేదు

ఎర్రదిన్నెలో గోక్కోవడం నిషేధించింది ఒక సోమవారం నాడు. పొద్దెక్కాక చాటింపు వేశారు. "ఊరి పొలిమేరలోపల ఎవరూ గోక్కోరాదహో" అని డప్పు కొట్టి చెప్పిన నడిపెన్న, చెప్పడం అయిపోగానే అలవాటు చొప్పున డప్పుపుల్ల వెనక్కి పెట్టి వీపు గోక్కున్నాడు. మా ఊరి మొదటి కేసు అతనే.

దీనికంతటికీ మూలం కుక్కలు. ఆ ఏడు మా మండలంలో కుక్కలకు గజ్జి పట్టింది. ముందు చెవుల అంచులు పొట్టు లేచేవి. తర్వాత మోచేతులు, పొట్ట, తోక మొదలు. వెంట్రుకలన్నీ రాలిపోయి తోలు పాత చెప్పులాగా మందమై ముడతలు పడేది. రోగం తగిలిన కుక్క తిండి మరిచిపోయేది, నిద్ర మరిచిపోయేది, కొత్త మనిషిని చూసి మొరగడం కూడా మరిచిపోయేది. గోక్కోవడం ఒక్కటే గుర్తుండేది.

సంగతి పైకి పోయింది. పైన పెద్దవాళ్ళు కూర్చుని ఆలోచించారు. గజ్జి కంటికి కనబడని పురుగు వల్ల వస్తుందని వాళ్ళకు ఎవరో చెప్పారు. కనబడని దాన్ని లెక్క పెట్టడం ఏ శాఖకూ కుదిరే పని కాదు. గోకుడైతే అందరికీ కనబడుతుంది. కాబట్టి గోకుడును లెక్క పెట్టాలని తీర్మానించారు. లెక్క పెట్టేది గోకుడు అయినప్పుడు తగ్గించాల్సిందీ గోకుడే. గోకుడు లేని ఊరు రోగం లేని ఊరు. అట్లా 'గోకుడు రహిత గ్రామం' అనే పథకం పుట్టి, ఒక పాటను, ఒక బొమ్మను వెంటబెట్టుకుని మా మండలానికి వచ్చింది. బొమ్మలో కుక్క నాలుగు కాళ్ళూ నేలకు ఆనించి నవ్వుతూ ఉండేది.

పథకాన్ని నడిపించడానికి వచ్చిన ప్రత్యేకాధికారి పేరు పరాంకుశరావు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. చేతిలో కాగితం లేకపోయినా కాగితం చూసి చదువుతున్నట్టే మాట్లాడేవాడు. "మంచినీళ్ళు తాగుతారా సార్" అని అడిగితే, "ప్రస్తుతమునకు ఆ ఆవశ్యకత ఉత్పన్నము కాలేదు" అనేవాడు.

ఊళ్ళో వాళ్ళకు ఇదంతా సంబరంగా ఉంది. ముత్యాలక్కకు మాత్రం లేదు.

ముత్యాలక్కది గొర్రెల మంద. మొగుడు పోయినప్పటి నుంచి ఒక్కతే మేపుకుంటోంది. ఎండలు ముదిరితే మా దిన్నె మీద గడ్డిపరక మిగలదు. మందను తోలుకుని కొండ అవతలికి పోవాలి. అవతల తోడేళ్ళు తిరుగుతాయి. మందకు కాపు ఆమె కుక్క. దాని పేరు కంబళి. కూనగా ఉన్నప్పుడు వానలో దొరికితే కంబళిలో చుట్టుకుని తెచ్చిందని ఆ పేరు పెట్టింది. ఇప్పుడు దాని ఒంటిమీద దువ్వడానికి కూడా వెంట్రుక లేదు. మొన్న వంక దగ్గర తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోతుంటే, కంబళి లేచి వెంటపడి, నడుమ ఆగి, కూర్చుని చెవి గోక్కుంది. తోడేలు కూడా రవ్వంతసేపు నిలబడి చూసిందట.

"దాన్ని యాటికని తిట్టేది ఓబులేసన్నా" అంది ముత్యాలక్క నాతో. "గోక్కునేటప్పుడు దాని కండ్లల్లో నీళ్ళొస్తాండాయి. ఎండలు ముదరకముందే ఇది బాగుపడల్ల. ల్యాకుంటే నేను మంద అమ్ముకోవల్ల."

నా మోపెడు మీద కుక్కను నడుమ కూర్చోబెట్టుకుని ముగ్గురం మండలంలోని పశువుల ఆసుపత్రికి పోయాం.

అక్కడి డాక్టరమ్మ నస్రీన్. ఆమె కంబళి చెవి అంచును రెండు వేళ్ళ నడుమ పెట్టి మెల్లగా నలిపింది. కుక్క వెనక కాలు దానంతట అదే లేచి గాలిని గోకడం మొదలుపెట్టింది.

"ఇదే" అంది డాక్టరమ్మ. బ్లేడుతో చర్మం మీద గీకి, వచ్చిన పొట్టును గాజు పలక మీద పెట్టి, యంత్రంలో ముత్యాలక్కను కూడా చూడమంది.

ముత్యాలక్క ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "ఎండ్రకాయ ఉన్నట్టుండాదే."

"అదే పురుగు. తోలు లోపల బొరియ తవ్వుకుని గుడ్లు పెడుతుంది. అందుకే అంత దురద. నువ్వేమైనా పూశావా దీనికి?"

"లారీ ఇంజను నూనె పూయమన్యారమ్మా. ఇంగా పూయల్యా."

"పూయొద్దు. నాకితే కుక్కే పోతుంది. మందు ఉంది, సూది వేయాలి, కొన్నాళ్ళకు మళ్ళీ వేయాలి. దీంతో కలిసి తిరిగే కుక్కలన్నిటికీ ఒకేసారి వేయాలి, లేకపోతే ఒకదాని నుంచి ఇంకోదానికి తిరుగుతూనే ఉంటుంది. అది పడుకునే గుడ్డలు మరిగే నీళ్ళలో ఉడకబెట్టాలి. అంతే, తగ్గిపోతుంది."

"ఏయమ్మా మరి."

"వేయకూడదు."

ఆమె బీరువా చూపించింది. దానికి లక్క ముద్ర ఉంది. లోపల మందు పెట్టె ఉంది. పరాంకుశరావు ఉత్తర్వు ప్రకారం మందు ఒక ప్రోత్సాహక బహుమతి. గోకుడు లేదని తేలిన గ్రామాలకే ఇవ్వాలి. గోకుడున్న గ్రామాలకు ఇస్తే గోకుడును ప్రోత్సహించినట్టు అవుతుంది. మండలంలో అంగళ్ళవాళ్ళు అమ్మకూడదు. పక్క మండలంలో కొనాలన్నా డాక్టరమ్మ చీటీ రాయాలి, చీటీలో ఊరి పేరు రాయాలి. రాస్తే ఆ ఊళ్ళో గోకుడు ఉన్నట్టే.

ముత్యాలక్క ఆ లక్క ముద్రను వేలితో తడిమింది. "అంటే రోగం ల్యాకుండా చేసుకుంటే మందిస్తారు."

"అవును."

"రోగం ల్యాకుంటే మందు యాటికమ్మా?"

"నేనూ అదే రాసి అడిగాను. జవాబు వచ్చింది."

"ఏమని?"

"నా ప్రశ్నలో సానుకూల దృక్పథం లోపించినదట."

వచ్చేటప్పుడు మోపెడు మీద ముత్యాలక్క ఒక్క మాటే మాట్లాడింది. "సరే, ఊరంతా గోకుడు మాన్పిద్దాం పా."

మరుసటి వారం బడి వరండాలో గ్రామసభ జరిగింది. పరాంకుశరావు లేచి, "గోకుడు అనునది వ్యక్తిగతమైన విషయము అను అపోహ గ్రామీణ ప్రాంతములలో బలముగా పాతుకొనియున్నది" అని మొదలుపెట్టాడు. అపోహను ఆయన వేళ్ళతో సహా పెరికేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత సందేహాలు అడగమన్నాడు.

"కుక్కలు సరే సార్, మనుషులు గోక్కుంటే?" అన్నాడు నడిపెన్న. అతనికి కేసు భయం.

"దూరము నుండి చూచినప్పుడు గోకుడు కనబడునే గానీ, గోక్కొనుచున్నది ఎవరో స్పష్టముగా తెలియకపోవచ్చును. కావున మనుషులకూ వర్తించును."

"బర్రెలకు?"

"వర్తించును."

"బర్రె గోక్కోదు సార్, కరెంటు స్తంభానికి రాసుకుంటాది."

ఆయన ఆలోచించాడు. "స్తంభ ఘర్షణ అనునది పరోక్ష గోకుడు. వర్తించును."

"కోళ్ళు సార్? పొద్దస్తమానం నేల గోకుతానే ఉంటాయి."

"నేలను గోకుట వ్యవసాయ శాఖ పరిధిలోనిది."

"ఆడోళ్ళు పేలు చూసుకుంటే?" అని వెనక నుంచి ఒక ముసలమ్మ అడిగింది.

"తలలో వేళ్ళు కదలించుట అన్వేషణ. అయితే అన్వేషణ ఫలించిన పిమ్మట అదే చోట వేలు నిలిచిన యెడల, అది గోకుడు."

"ఊరికొచ్చిన సుట్టాలకో?"

"పొలిమేర దాటిన క్షణము నుండి ఎవరికైననూ, ఎంతటి హోదా గలవారికైననూ వర్తించును. ప్రతి గ్రామమునకు ఒక పర్యవేక్షకుడు ఉండవలెను. అతడు చూడవలెను, మాట్లాడరాదు. అడిగినప్పుడు చూచితినని గానీ, చూడలేదని గానీ చెప్పవలెను. ఈ గ్రామమున మిక్కిలి తక్కువ మాట్లాడువారెవరు?"

సభ మొత్తం నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం చూసి ఆయన నన్నే ఖాయం చేశాడు.

అప్పటి నుంచి మా ఊరి తీరు మారిపోయింది. మా సర్పంచి తిప్పారెడ్డికి తల గోక్కుంటేగానీ ఆలోచన రాదు. తల గోక్కోవడం ఆగిపోయాక పంచాయతీలో ఒక్క నిర్ణయం జరగలేదు. వీధి కుళాయి కారుతుంటే బాగుచేయించాలా వద్దా అని అడిగినవాళ్ళతో, "చేతులు కట్టేసి ఆలోచించమంటే ఎట్లప్పా" అనేవాడు. బర్రెలకు కరెంటు స్తంభాలు కనబడకుండా గోనెపట్టాలు చుట్టారు. బర్రెలు గోనెపట్టాలకు రాసుకోవడం మొదలుపెట్టి, మునుపటికంటే బాగుందన్నట్టు కండ్లు మూసుకున్నాయి.

పొద్దున్నే చెంబు పట్టుకుని చేలల్లోకి పోయే మగవాళ్ళు నేరుగా పొలిమేర రాయి దాకా పోయేవాళ్ళు. రాయి దాటి పక్క ఊరి చేలో నిలబడి కడుపారా గోక్కుని తిరిగొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు పక్క ఊరి సర్పంచి వచ్చి తగాదా పెట్టుకున్నాడు. "మాదీ గోకుడు రహిత గ్రామం కావల్లని కష్టపడతాండాం. మీ గోకుడు తెచ్చి మా పొలిమేరలో యాటికి పోస్తాండారు?" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన మా పొలిమేరలో నిలబడి మోచెయ్యి గోక్కుంటున్నాడు.

చివరికి రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి వంక ఒడ్డున ఎవరి లెక్కలోకీ రాని పోరంబోకు ముక్క ఒకటి వెదికారు. పొద్దునా సాయంత్రం అక్కడ జనం. అక్కడొక టీ బంకు వెలిసింది. ఎవరి పాటికి వాళ్ళు ఆకాశం వైపు చూస్తూ గోక్కుంటుంటే, పండుగ మైదానంలాగా ఉండేది.

దారి చూపింది ముత్యాలక్కే. ఒకరోజు పరాంకుశరావు జీపు ఆపి, "అయ్యా, నడిపెన్న వీపు వాళ్ళ పెండ్లాం గోకింది. అది కేసా?" అని అడిగింది.

ఆయన జీపులోనే కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. "చేయి ఒకరిది, వీపు వేరొకరిది. అట్టి సందర్భమున దానిని సేవగా పరిగణింపవచ్చును."

"కుక్కదైతే?"

"జంతు ప్రేమ."

ఆ సాయంత్రానికే సంగతి ఊరంతా పాకింది. గట్టు తగాదాతో ఏండ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకరి వీపు ఒకరు గోక్కుంటూ అరుగు మీద కనబడ్డారు. మాటలు మాత్రం లేవు. "కొంచెం కిందికి" అన్నదొక్కటే వినబడింది.

మా ఊళ్ళో గోకుడు లేదని అధికారి చూసి ఖాయం చేసే ధ్రువీకరణ రోజు వచ్చింది. ఊళ్ళో ఉన్న ప్రతి కుక్కకూ ఒక మనిషిని కేటాయించాం. మొండి కుక్కలకు ఇద్దరు. పొద్దున నుంచి ఊరంతా అరుగుల మీద, గడపల్లో, దారి పక్కన కూర్చుని కుక్కలను గోకుతూనే ఉంది. కుక్కలు కండ్లు తేలేసి, నాలుకలు వేలేసి, బొమ్మలో ఉన్నట్టే నవ్వుతున్నాయి. గోకేవాళ్ళ చేతులు నొప్పి పుడితే మార్చుకోవడానికి వంతులు పెట్టాం.

పరాంకుశరావు వీధి వెంబడి నడుస్తూ ఆగిపోయాడు. జేబురుమాలు తీసి కండ్లు ఒత్తుకున్నాడు. "ఇరువది ఐదేండ్ల ఉద్యోగ జీవితమున ఇట్టి మూగజీవ వాత్సల్యమును క్షేత్రస్థాయిలో గాంచియుండలేదు."

ముత్యాలక్క ఇంటి ముందర కంబళి ఒంటినిండా గొర్రెబొచ్చు కంబడి కప్పుకుని కూర్చుంది. ఒక పక్క ముత్యాలక్క చెయ్యి, ఇంకో పక్క నా చెయ్యి కంబడి లోపల పని చేస్తున్నాయి.

"ఈ శునకమునకు వస్త్రమేల?"

"సలి సార్" అన్నాడు తిప్పారెడ్డి.

"ఈ ఎండలోనా?"

"దానికి లోపలి సలి సార్."

ఆయనకు ఆ మాట నచ్చింది. కుక్క పక్కన కూర్చుని, మెడ చుట్టూ చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నాడు. కంబళి ఆయన మీద ఒరిగి, తన బరువంతా ఆయనకు ఇచ్చేసి, నిట్టూర్చింది.

తర్వాత బడి దగ్గర సన్మానం. గొప్పవాళ్ళకు మా వైపు శాలువా కంటే కంబడి కప్పడం పెద్ద మర్యాద. ఆ కంబడి తెప్పించే పని తిప్పారెడ్డిది. తల గోక్కోకపోవడం వల్ల అతనికి ఆ సంగతి గుర్తు రాలేదు. పరాంకుశరావు మెడ వంచి నిలబడ్డాక గుర్తొచ్చింది. చుట్టూ చూశాడు. వేదిక పక్కనే ముత్యాలక్క కుక్కతో నిలబడి ఉంది. ఒక్క దుముకు దుమికి కుక్క మీది కంబడి లాగి ఆయనకు కప్పేశాడు.

"రెడ్డీ, అది..." అని ముత్యాలక్క అనబోయింది.

"ఊరుకో మేయ్, నీకు కొత్తది ఇప్పిస్తా."

కుక్క బట్టతలలాగా మెరుస్తూ బయటపడింది. చుట్టుపక్కల ఉన్న చేతులన్నీ ఒక్కసారి దాని మీద పడ్డాయి. వెంట్రుకలు ఉండాల్సిన చోటల్లా చేతులున్నాయి. పరాంకుశరావు అటు చూసి మళ్ళీ కండ్లు ఒత్తుకున్నాడు. "పర్యవేక్షకా, ఈ గ్రామమున గోకుడు చూచితిరా?"

"చూడలేదు" అన్నాను.

చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు ఖాళీ లేవు.

బహుమతి మేళతాళాలతో వచ్చింది. మందు పెట్టె. ముత్యాలక్క ముందుకు జరిగి కొంగు చాపింది. పరాంకుశరావు ఆమెను పక్కకు జరిపి, పెట్టెను పంచాయతీ ఆఫీసులో కొత్తగా చేయించిన అద్దాల బీరువాలో పెట్టించి తాళం వేశాడు.

"సార్, సూది ఏయాల కదా" అంది ముత్యాలక్క.

"ఎవరికి?"

"కుక్కకు."

"గోకుడు లేని గ్రామమున కుక్కకు గజ్జి ఎట్లుండును? ఈ పెట్టె మీ ఆరోగ్యమునకు చిహ్నము. దీనిని తెరచుట అనగా రోగమున్నదని ఒప్పుకొనుట. రోగమున్నచో ధ్రువీకరణ రద్దగును. రద్దయినచో పెట్టె వాపసు."

"అంటే మందును దూరం నుంచి కుక్కకు చూపించుకోవల్లనా?"

"చూపవచ్చును. అభ్యంతరము లేదు."

ముత్యాలక్క నిజంగానే చూపించింది. రోజూ కంబళిని తెచ్చి బీరువా ముందర కూర్చోబెట్టేది. తను అద్దానికి నుదురు ఆనించి లోపలికి చూస్తూ కుక్క వీపు గోకేది. ఎవరో బీరువాకు కుంకుమ బొట్టు పెట్టారు. ఇంకెవరో ఊదుబత్తి వెలిగించారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ గజ్జి కుక్కలను తీసుకొచ్చి మూడుసార్లు తిప్పి తీసుకుపోవడం మొదలైంది. నస్రీన్ డాక్టరమ్మ ఒకసారి వచ్చి ఆ వరస చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ఎండలు ముదిరాయి. మిగతా మందలన్నీ కొండ దాటిపోయాయి. ముత్యాలక్క గొర్రెలు ఎండిన కంపలు నములుతున్నాయి. ఒకరోజు గొర్రెల బేరగాడు వచ్చి మంద చుట్టూ తిరిగి, ఒక్కొక్కదాని వెన్ను తడిమి పోయాడు.

ఆ మరునాడు మిట్టమధ్యాహ్నం పరాంకుశరావు వచ్చాడు. జీపు లేదు, డ్రైవరు లేడు. సొంత స్కూటరు. ముందర ఒక వెదురుబుట్ట, దాని మీద తువ్వాలు. ఆయన చొక్కా ఇస్త్రీ నలిగి ఉంది. నేను ఆ మనిషిని చూసినప్పటి నుంచి అదే మొదటిసారి.

పంచాయతీ ఆఫీసులో తిప్పారెడ్డి, నేను, ముత్యాలక్క, ఆమె కుక్క ఉన్నాం. ఆయన తలుపు దగ్గరగా వేసి తువ్వాలు తీశాడు. బుట్టలో చిన్న తెల్ల కుక్క. ఒకప్పుడు వెంట్రుకలు పుష్కలంగా ఉండేవని చెప్పడానికి చెవుల మీద రెండు కుచ్చులు మిగిలాయి.

"దీని నామధేయము స్వీటీ" అన్నాడు. "మీరు కప్పిన కంబళిని గౌరవపూర్వకముగా సోఫా మీద పరచియుంటిమి. ఈమె దానిపై శయనించినది. ఇప్పుడు... మా శ్రీమతి నాతో మాట్లాడుట లేదు."

స్వీటీ చెవి గోక్కుంది. ఆయన గబుక్కున తువ్వాలు కప్పాడు.

"ఈ పెట్టెను తెరవవలసియున్నది."

"తెరిస్తే ధ్రువీకరణ రద్దంటిరి కద సార్" అన్నాడు తిప్పారెడ్డి.

"ఒక ఉపనిబంధన కలదు. ధ్రువీకరింపబడిన గ్రామమునకు బయటి నుండి గోకుడు ప్రవేశించి, పర్యవేక్షకుడు దానిని చూచినచో, అత్యవసరముగా పెట్టె తెరిచి అచ్చట ఉన్న సమస్త శునకములకు చికిత్స చేయవచ్చును."

ముత్యాలక్క లేచి నిలబడింది. "ఇన్ని దినాలూ ఈ మాట యాటికి చెప్పలేదు సార్?"

"ఎవరునూ అడగలేదు."

ఆమె కంబళి మీద నుంచి చెయ్యి తీసేసింది. కుక్క వెనక కాలు లేపి, ఎన్నాళ్ళ బాకీనో తీర్చుకుంటున్నట్టు గోక్కోసాగింది. పరాంకుశరావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఆ శునకము పనికిరాదు. దానిని స్వయముగా నేనే ధ్రువీకరించియున్నాను. ఫోటో జిల్లా కార్యాలయమున గోడకు వేలాడుచున్నది. ఈ గ్రామమున అందరినీ ధ్రువీకరించియున్నాను."

"మరి మీ కుక్క బయటిదే కద" అన్నాడు తిప్పారెడ్డి.

"నా గృహమున గోకుడున్నదని నివేదికలో రాసుకొనమందువా?"

"అయితే పక్క మండలం నుంచి మా బావమరిదిని పిలిపిస్తా. రేపు పొద్దునకు..."

"రేపటికి శ్రీమతి పుట్టింటికి పోవును."

ముత్యాలక్క ఆయన్ను నిదానంగా చూసింది. మెడ వెనక ఎర్రగా దద్దులు లేచి ఉన్నాయి. నేనూ చూశాను. ఆ సోఫా మీద పడుకున్నది కుక్క ఒక్కటే కాదు.

ఆమె కుర్చీ జరిపి ఆయన్ను కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగేశాడు.

"మెడకాడ ఎర్రగుండాదే సార్" అంది మెల్లగా.

"అది... స్వేదము వలన."

"నాకూ వచ్చినాది సార్, కుక్కను పక్కలో ఏసుకుని పండుకుంటే. పగలు ఏమీ ఉండదు. ఒక్క చీమ. ఒక్కటే చీమ నడిచినట్టు ఉంటాది."

పరాంకుశరావు పెదవులు బిగించాడు.

"అది చొక్కా కాలరు కింద మొదలుపెడతాది సార్. నిదానంగా. మనం చూడల్యా అనుకుని ఆగుతాది. మళ్ళీ నడుస్తాది. భుజం మీదికి పోయి, ఆడ ఇంగో చీమను కలుసుకుంటాది. రెండూ కలిసి వీపు నడిమికి దిగుతాయి. చెయ్యి అందనిచోట కూచుంటాయి. అది దురద కూడా కాదు సార్. ఇంగా దురద కాలా. దురద కాబోతాండాది."

తిప్పారెడ్డి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నేను గోడకు వీపు ఆనించాను. పరాంకుశరావు కణతల మీద చెమట పట్టింది. ఆయన కుడి చెయ్యి కుర్చీ పిడి మీద నుంచి లేచి, గాలిలో ఆగి, ఉద్యోగ ధర్మం గుర్తొచ్చినట్టు మళ్ళీ దిగింది.

"చానా మంది అంటారు సార్" అంది ముత్యాలక్క ఇంకా మెల్లగా. "గోకితే తగ్గుతాదని. ల్యాదు సార్. గోకేముందర ఒక్క గడియ, గోళ్ళు తోలును తాకుతాయే, ఆ..."

అంతే. పరాంకుశరావు లేచాడు. ఎడమ చెయ్యి మెడకు, కుడి చెయ్యి వీపుకు. చొక్కా గుండీలు తెగాయి. అది చాలక తలుపు చట్రానికి వీపు ఆనించి కిందికీ పైకీ ఊగాడు. కండ్లు మూతపడ్డాయి. నోటి నుంచి వచ్చిన శబ్దం ఏ ఉత్తర్వులోనూ లేదు. పథకం, ఉపనిబంధన, హోదా అన్నీ ఆ తలుపు చట్రానికి రాసేశాడు.

చాలాసేపటికి కండ్లు తెరిచి నా వైపు చూశాడు. అవునంటే పరువు పోతుంది, కాదంటే శ్రీమతి పోతుంది.

"పర్యవేక్షకా... చూచితిరా?"

"చూశాను" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి రాగానే తిప్పారెడ్డి తొడల కింది నుంచి చేతులు లాగి తల గోక్కున్నాడు. గోక్కుంటూనే, "ఆ కుళాయికి కొత్త మర బిగిస్తే సరిపోతాది కదప్పా" అన్నాడు. కిటికీ అవతల చెవులు పెట్టుకుని ఉన్న జనం ఒక్కసారి మొదలుపెట్టారు. వీధిలో, అరుగుల మీద, చెట్ల కింద, ఆడా మగా, ముసలీ ముతకా, ఎవరి వీపు వాళ్ళు, అందకపోతే పక్కవాళ్ళది. బర్రెలు గోనెపట్టాలు చింపేసి స్తంభాలకు ఆనుకున్నాయి. ఆ స్తంభాల మీది వీధి దీపాలు కాసేపు ఊగాయి.

డాక్టరమ్మ వచ్చేసరికి కుక్కలన్నీ వరసలో ఉన్నాయి. పరాంకుశరావు స్వీటీని ముందుకు తెచ్చాడు. ముత్యాలక్క ఆయన ముందర నిలబడి కదలలేదు. మొదటి సూది కంబళికి పడింది. స్వీటీకి తర్వాత. డాక్టరమ్మ ఒక్కొక్క కుక్క చెవి అంచు నలిపి చూసి, సూది వేసి, మళ్ళీ ఎప్పుడు తేవాలో గొంతు పోయేదాకా చెప్పింది. ఊరి కంబళ్ళు, గోనెలు, పాత చీరలు అన్నీ పెండ్లి గుండిగల్లో ఉడికాయి. పరాంకుశరావు మెడ చూసి, "మనిషి మీద ఈ పురుగు ఎక్కువ కాలం బతకదు సార్, కుక్క బాగైతే మీదీ అదే పోతుంది" అంది. ఆయన నివేదికలో 'గుర్తు తెలియని బయటి వ్యక్తి ద్వారా గోకుడు ప్రవేశించినది, సత్వరమే అరికట్టబడినది' అని రాసుకున్నాడు. జిల్లాలో ఆయనకు మెప్పు వచ్చిందని విన్నాను.

రెండో సూది పడ్డాక కంబళి తిండి దగ్గర గిన్నె తోసుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఒంటి మీద బూడిద రంగులో నూగు వచ్చింది. గొర్రెల బేరగాడు మళ్ళీ వస్తే, ముత్యాలక్క కంటే ముందు అదే ఎదురుపోయి అతన్ని అరుగు ఎక్కించింది.

ముత్యాలక్క మంద తోలుకుని బయలుదేరిన పొద్దున ఊరు ఊరంతా కొండ దారి మొదట్లోకి వచ్చింది. కంబళి మంద ముందర పోతోంది. మలుపు దగ్గర ఉన్నట్టుండి ఆగింది. చెవులు నిక్కించి అటూ ఇటూ చూసింది. వెనక కాలు పైకి లేచింది.

ఎవరూ ఊపిరి తీయలేదు. తిప్పారెడ్డి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరమ్మ మందు సంచి కింద పెట్టేసింది.

కుక్క దారి పక్క బండరాయిని బాగా తడిపి, కాలు దించి, గొర్రెల ముందరికి పరిగెత్తింది.

"ఏమట్లా నోరు తెరుచుకుని చూస్తాండారు" అంది ముత్యాలక్క వెనక్కి తిరగకుండానే. "దానికి వేరే పనులు ఉండవా?"